నిప్పు లేదు, పొగా లేదు

రాయ్‌పూర్ నూనె మంటను కళ్లారా చూసింది. సబ్‌స్టేషన్లలో ఆ నూనెను తప్పించి వచ్చిన వాయువు మండదు, కనిపించదు, వాసన రాదు. దానితో వచ్చిన చిక్కంతా అదే

2024 ఏప్రిల్ 5, శుక్రవారం. రాయ్‌పూర్ గుఢియారి ప్రాంతంలో, భారత్‌మాత చౌక్‌కు దగ్గర్లో ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ స్టోర్‌లో మంటలు లేచాయి. ఆవరణ నిండా ట్రాన్స్‌ఫార్మర్లు. వాటి కడుపు నిండా నూనె. ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంటే నల్లటి పొగ నగరం మీద గొడుగులా కమ్ముకుంది. చుట్టుపక్కల ఇళ్లవారిని హడావుడిగా ఖాళీ చేయించారు. మంటల్ని అదుపులోకి తేవడానికి అగ్నిమాపక సిబ్బందికి గంటల తరబడి పట్టింది. ప్రాణనష్టం జరగలేదు. విచారణకు కమిటీ వేశారు. ఎండాకాలం మొదట్లోనే ట్రాన్స్‌ఫార్మర్ల నిల్వ బూడిద కావడంతో పంపిణీ సంస్థ తల పట్టుకుంది.

విద్యుత్ పరికరాల్లో నూనె ఎంత ప్రమాదమో ఆ పొగను చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ భయంతోనే ఇంజనీర్లు కొన్ని దశాబ్దాలుగా నూనెను ఒక్కో పరికరం నుంచీ తప్పిస్తూ వచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో పెద్దగా సాధించిందేమీ లేదు. సర్క్యూట్ బ్రేకర్ల విషయంలో మాత్రం దాదాపు గెలిచారు. ఒకప్పుడు మన సబ్‌స్టేషన్లలో నూనె బ్రేకర్లే దిక్కు. ఇప్పుడు 132 కిలోవోల్టులు, ఆపైన అంటే పింగాణీ స్తంభాల్లో వాయువు నింపిన బ్రేకర్లే. ఆ వాయువు పేరు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. సబ్‌స్టేషన్ భాషలో ఎస్ఎఫ్6.

మంట భయం తీరింది. కానీ మంటకు ఒక గుణం ఉంది. అది తన ఉనికిని తనే చాటుకుంటుంది. ఎస్ఎఫ్6 లీకైతే పొగ రాదు, ఫైరింజన్ రాదు, పత్రికల్లో ఫొటో రాదు. ఆ వాయువు అక్కడ ఉందని తెలియాలంటే ఎవరో ఒకరు మీటరు పట్టుకుని కొలవాలి, సిలిండర్‌ను కాటా మీద పెట్టి తూచాలి, ఆ అంకెను రిజిస్టర్‌లో రాయాలి. కొలవడం, తూచడం, రాయడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. దాని మీదే కొందరి ఊపిరితిత్తులూ, కొంతవరకు భూగోళపు వేడీ ఆధారపడి ఉన్నాయి.

బ్రేకర్ కడుపులో

ఎస్ఎఫ్6 ప్రకృతిలో విరివిగా దొరికేది కాదు. 20వ శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్స్‌లో హెన్రీ మువాసాన్, పాల్ లెబో దీన్ని తయారు చేశారు. ఫ్లోరిన్‌ను విడదీసినందుకు 1906లో నోబెల్ బహుమతి పొందిన మువాసాన్ ఈయనే. ఒక గంధకం పరమాణువు చుట్టూ ఆరు ఫ్లోరిన్ పరమాణువులు కోటగోడల్లా నిలబడి ఉంటాయి. ఆ కోటను దేనికీ బద్దలు కొట్టడం తేలిక కాదు. అందుకే ఈ వాయువు మామూలు స్థితిలో దేనితోనూ కలవదు, మండదు, శుద్ధంగా ఉన్నప్పుడు విషమూ కాదు. దీనికున్న రెండో గుణం విద్యుత్ ఇంజనీర్లకు వరమైంది. ఎలక్ట్రాన్లంటే దీనికి విపరీతమైన ఆకలి. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ కనిపిస్తే పట్టేసుకుంటుంది. అందువల్ల అదే పీడనం దగ్గర గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు వోల్టేజీని తట్టుకుంటుంది.

బ్రేకర్ పని ఏమిటో తెలిస్తే ఈ ఆకలి విలువ తెలుస్తుంది. లైన్ మీద చెట్టు కొమ్మ పడ్డా, పిడుగు పడ్డా, ఎక్కడో షార్ట్ సర్క్యూట్ అయినా వేల ఆంపియర్ల కరెంటు పరుగెత్తుతుంది. దాన్ని సెకనులో పదో వంతు కూడా గడవకముందే తెంచాలి. బ్రేకర్‌లోని రెండు కాంటాక్టులు విడిపోతాయి. కానీ కరెంటు అంత తేలిగ్గా లొంగదు. మధ్య ఖాళీలో ఆర్క్‌గా మారి ప్రవహిస్తూనే ఉంటుంది. ఆ ఆర్క్ వేడి 10,000 డిగ్రీలు దాటుతుంది. బ్రేకర్‌లోని పిస్టన్ సరిగ్గా అప్పుడే ఎస్ఎఫ్6ను ఆర్క్ మీదకు బలంగా ఊదుతుంది. మన ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది. అలా సున్నాకు వచ్చిన క్షణంలో వాయువు ఎలక్ట్రాన్లను మింగేసి దారి మూసేస్తుంది. ఆర్క్ ఆరిపోతుంది. ఆ వేడికి ముక్కలైన వాయువులో అత్యధిక భాగం మళ్లీ కలిసిపోయి ఎస్ఎఫ్6గా మారుతుంది. కొద్ది భాగం మాత్రం మారదు. ఆ కొద్ది భాగం గురించి తర్వాత.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ సంగతి ఎందుకంటే, కరెంటును పుట్టించి బయటికి పంపడమే ఈ రాష్ట్రపు ప్రధాన వృత్తుల్లో ఒకటి. ఎన్‌టీపీసీ కేంద్రాలే తీసుకుంటే సీపత్‌లో 2,980 మెగావాట్లు, కోర్బాలో 2,600 మెగావాట్లు. తెలుగువారికి ఈ కరెంటు కొత్తేమీ కాదు. 2015 సెప్టెంబర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం మార్వా కేంద్రం నుంచి 1,000 మెగావాట్లు తెలంగాణకు రావాలి. 2017లో సరఫరా మొదలై 2022లో ఆగింది. బకాయిల గొడవ, రాజకీయ రగడ, ఆఖరికి 2024లో విచారణ కమిషన్ వరకూ వెళ్లిన ఆ కథ పాఠకులకు తెలిసిందే. రాయ్‌గఢ్ నుంచి తమిళనాడులోని పుగలూరు దాకా సుమారు 1,765 కిలోమీటర్లు సాగే 800 కిలోవోల్టుల డీసీ లైన్ దారిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. దాని సామర్థ్యం 6,000 మెగావాట్లు. ఇంత కరెంటు కదలాలంటే రెండు చివర్లా, మధ్యమధ్యలోనూ బ్రేకర్లు కావాలి.

2000 నవంబర్‌లో రాష్ట్రం ఏర్పడినప్పుడు పుట్టిన విద్యుత్ బోర్డును 2009 జనవరి 1 నుంచి కంపెనీలుగా విడగొట్టారు. ఉత్పత్తి ఒకరిది, ట్రాన్స్‌మిషన్ ఒకరిది, పంపిణీ ఒకరిది. రాయ్‌పూర్‌లోని డంగనియా ఈ సంస్థలన్నింటికీ కేంద్రం. వీటికి తోడు పవర్‌గ్రిడ్ సబ్‌స్టేషన్లు, ఊర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లోని ఉక్కు కర్మాగారాల సొంత స్విచ్‌యార్డులు. గాలే ఇన్సులేషన్‌గా ఉండే బహిరంగ యార్డుల్లో వాయువు బ్రేకర్ స్తంభాల్లో మాత్రమే ఉంటుంది. స్థలం కరువైన నగరాల్లో కట్టే గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్లలో బస్‌బార్ల దగ్గర నుంచి అన్నీ వాయువు నింపిన గొట్టాల్లోనే. బహిరంగ యార్డుకు పట్టే స్థలంలో పదో వంతుతో సరిపెట్టుకోవచ్చు. బదులుగా వాయువు కిలోల్లో కాక టన్నుల్లోకి వెళ్తుంది.

బరువైన గాలి

శుద్ధమైన ఎస్ఎఫ్6 విషం కాదన్న మాట నిజమే. విదేశీ టీవీ కార్యక్రమాల్లో దీన్ని పీల్చి రాక్షసుడి గొంతుతో మాట్లాడి నవ్వించినవారూ ఉన్నారు. అనుకరించదగ్గ సరదా కాదది. ఎందుకంటే ఈ వాయువు గాలి కంటే ఐదు రెట్లు బరువు. నీటిలా కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. సబ్‌స్టేషన్‌లో పల్లాలకు కొదవ లేదు. కేబుల్ ట్రెంచ్‌లు, కంట్రోల్ రూమ్ కింది కేబుల్ గదులు, డ్రెయిన్లు, పునాది గుంతలు.

ఒక లెక్క చూడండి. మార్కెట్‌లో దొరికే పెద్ద సిలిండర్‌లో సుమారు 50 కిలోల ఎస్ఎఫ్6 ఉంటుంది. బయటికి వదిలితే అది ఎనిమిది ఘనపు మీటర్లకు పైగా వ్యాపిస్తుంది. మీటరు లోతు, మీటరు వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవున్న కేబుల్ ట్రెంచ్‌ను అది అంచుల దాకా నింపేయగలదు. అందులోకి దిగిన మనిషికి ఊపిరాడని సూచన ముందుగా అందదు. శ్వాస ఆడుతూనే ఉంటుంది. అందులో ఆక్సిజన్ మాత్రం ఉండదు. గాలిలో సహజంగా 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే ఆ చోట పని చేయరాదన్నది అంతర్జాతీయంగా పాటించే హద్దు. 10 శాతం లోపుకు పడిపోతే స్పృహ తప్పడానికి నిమిషాలు చాలు. పడిపోయిన సహచరుణ్ణి లాగేందుకు దిగిన రెండో మనిషికీ అదే గతి. మ్యాన్‌హోళ్లలో పారిశుధ్య కార్మికుల మరణాలు చదివే మన పాఠకులకు ఈ వరస పరిచయమే.

కనిపించని వాయువు ఏం చేయగలదో ఈ ప్రాంతానికి వేరే రూపంలో అనుభవమే. 2014 జూన్ 12న రాయ్‌పూర్‌కు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న భిలాయ్ ఉక్కు కర్మాగారం పంప్‌హౌస్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ లీకై ఆరుగురు మరణించారు. మృతుల్లో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. అది కార్బన్ మోనాక్సైడ్, ఎస్ఎఫ్6తో దానికి సంబంధం లేదు. కానీ ఏళ్ల అనుభవం ఉన్న అధికారులను సైతం కంటికి కనబడని వాయువు క్షమించదని ఆ రోజు తేలింది.

జాగ్రత్తలు పెద్ద శాస్త్రమేమీ కాదు. మూసిన గదిలో ఫ్యాన్ గాలిని పైనుంచి కాక నేల మట్టం నుంచి బయటికి లాగాలి. దిగే ముందు ఆక్సిజన్ మీటరును తాడుతో కిందికి దించి చూడాలి. దిగిన వ్యక్తికి పైన ఒకరు కాపలా ఉండాలి. రోజంతా పనిచేసే చోట గాలిలో ఎస్ఎఫ్6 పది లక్షల భాగాలకు 1,000 భాగాలు మించకూడదు. అంటే వెయ్యికి ఒకటి.

చిక్కు ఎక్కడంటే, కరెంటు సిబ్బంది మనసులో ప్రమాదం అంటే షాక్. లైన్ క్లియర్ తీసుకున్నామా, ఎర్త్ రాడ్లు వేశామా, ఇటు అటు ఐసొలేటర్లు తెరిచామా అన్నవి వారికి నోటికి వచ్చిన పాఠాలు. అవన్నీ సక్రమంగా జరిగి, లైన్ నిజంగానే చచ్చి ఉన్నా, ట్రెంచ్‌లోని గాలి సంగతి ఎల్‌సీ కాగితం మీద ఉండకపోవచ్చు. ఇక కొత్త పరికరం బిగించడం, పాతది పీకడం వంటి పనులు కాంట్రాక్టర్ల చేతికి పోయిన రోజుల్లో ఆ ట్రెంచ్‌లోకి ముందుగా దిగేది శిక్షణ పొందిన ఇంజనీర్ కాదు. రోజు కూలీ.

తెల్లటి పొడి

ఇప్పుడు ఆ 'కొద్ది భాగం' దగ్గరికి. ఆర్క్ వేడికి చీలిన ఎస్ఎఫ్6లో తిరిగి కలవకుండా మిగిలిన శకలాలు కాంటాక్టుల లోహంతో, లోపలి తేమతో కలుస్తాయి. అలా పుట్టేవాటిలో సల్ఫర్ డయాక్సైడ్, థయోనిల్ ఫ్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటాయి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ తేమ తగిలితే గాజును కూడా తినేసే ఆమ్లమవుతుంది. చాలా కొద్ది మోతాదులో పుట్టే డైసల్ఫర్ డెకాఫ్లోరైడ్‌ను రెండో ప్రపంచ యుద్ధకాలంలో రసాయన ఆయుధంగా పనికొస్తుందా అని పరిశీలించారంటే దాని స్వభావం అర్థం చేసుకోవచ్చు. ఇవి కాక లోహపు ఫ్లోరైడ్లు సన్నటి పొడిగా లోపలి గోడలకు అంటుకుంటాయి.

ఏళ్ల తరబడి ట్రిప్ అవుతూ పనిచేసిన బ్రేకర్‌ను విప్పినప్పుడు కనిపించేది ఆ పొడే. తెలుపు లేదా బూడిద రంగులో టాల్కం పౌడర్ లాగే ఉంటుంది. చేత్తో తుడిచేయాలనిపిస్తుంది. నోటితో ఊదేయాలనిపిస్తుంది. రెండూ తప్పే. చర్మం మీద చెమట తగిలితే మండుతుంది, కళ్లలో పడితే ఇంకా దారుణం, పీలిస్తే ఊపిరితిత్తుల దాకా పోతుంది. కుళ్లిన గుడ్ల వాసన లాంటిది ముక్కుకు తగిలిందంటే అక్కడ ఉన్నది శుద్ధ ఎస్ఎఫ్6 కాదని అర్థం. శుద్ధమైనదానికి అసలు వాసనే ఉండదు. ఒక విధంగా ఈ దుర్వాసన మేలు చేస్తుంది. వాసన తగిలిన వెంటనే అక్కడినుంచి బయటపడాలి.

1990లో బ్రిటన్‌కు చెందిన పారిశ్రామిక వైద్య పత్రిక ఒకటి ఆరుగురు ఎలక్ట్రికల్ కార్మికుల కథ ప్రచురించింది. గాలి ఆడని భూగర్భ స్థలంలో గంటల తరబడి మరమ్మతు చేస్తూ వారు ఈ విచ్ఛిన్న వాయువులను పీల్చారు. ఊపిరి అందకపోవడం, ఛాతీ బిగుసుకుపోవడం, దగ్గు, కళ్ల మంటలు, తలనొప్పి. ఎవరూ చనిపోలేదు. అయినా ఆ వ్యాసం ప్రపంచంలోని విద్యుత్ సంస్థలకు ఒక విషయం నేర్పింది. విషం కాదని పేరుపడ్డ వాయువు పని చేశాక అదే వాయువుగా మిగలదు.

అందుకే విప్పే పద్ధతికి ఒక క్రమం ఏర్పడింది. ముందు లోపలి వాయువును యంత్రంతో పూర్తిగా లాగేయాలి. నైట్రోజన్ గానీ పొడి గాలి గానీ నింపి మళ్లీ లాగాలి. అప్పుడు మూత తెరిచి, కొంతసేపు దూరంగా ఉండి గాలి ఆడనివ్వాలి. ఒంటినిండా వాడి పారేసే సూటు, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఆమ్ల వాయువులను ఆపే ఫిల్టరున్న మాస్కు. పొడిని చీపురుతో ఊడవకూడదు, సన్నటి ఫిల్టరున్న వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చాలి. తుడిచిన గుడ్డలు, వాడిన ఫిల్టర్లు మూత గట్టిగా ఉన్న డ్రమ్ములోకి. సోడా కలిపిన నీళ్లతో ఆమ్లాన్ని విరిచాకే కడగడం. పని ముగిసేదాకా అక్కడ తినడం, తాగడం, బీడీ ముట్టించడం లేదు. బీడీ సంగతి ఊరికే చెప్పే నీతి కాదు. ఎర్రగా కాలే నిప్పు మీదుగా పీల్చిన ఎస్ఎఫ్6 ఆ వేడికే కొంత విరిగిపోయి పొగతో పాటు లోపలికి పోతుంది. వెల్డింగ్ మంటకూ ఇదే వర్తిస్తుంది.

ఏప్రిల్, మే నెలల రాయ్‌పూర్‌లో 44 డిగ్రీల ఎండలో, నీడ లేని యార్డులో ఈ సూటు తొడుక్కుని మూడు గంటలు పనిచేయాలి. పుస్తకంలో రాసింది ఎంత సబబైనా, తొడుక్కునేవాడికే దాని బరువు తెలుస్తుంది. పెద్ద ఓవర్‌హాల్ పనులను చలికాలానికి పెట్టుకోవడానికి కరెంటు డిమాండ్ తక్కువన్నది ఒక కారణమైతే, ఇది కూడా మరో కారణం కావాలి.

సున్నా దగ్గర మోసం

వాయువును లాగే యంత్రాన్ని గ్యాస్ కార్ట్ అంటారు. చక్రాల మీద ఉండే ఈ బండిలో కంప్రెసర్, వాక్యూమ్ పంపు, తేమనూ ఆమ్లాలనూ పట్టే అల్యూమినా ఫిల్టర్లు ఉంటాయి. బ్రేకర్‌లోని వాయువును పీల్చి, శుభ్రం చేసి, నొక్కి ద్రవంగా మార్చి సిలిండర్‌లో పెడుతుంది. పరీక్షలో నిలిస్తే అదే వాయువును మళ్లీ వాడుకోవచ్చు. దీనికి అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. కొత్త వాయువుకు ఐఈసీ 60376, వాడినదానికి 60480, చేతి పనికి 62271 నాలుగో భాగం.

ఈ పనిలో చాలామంది పడే చోటు ఒకటుంది. బ్రేకర్‌లో వాయువు వాతావరణం కంటే ఐదు బార్లు ఎక్కువ పీడనంలో ఉందనుకుందాం. లాగుతూ పోతే గేజ్ ముల్లు సున్నాకు వస్తుంది. పని అయిపోయిందనిపిస్తుంది. కానీ గేజ్ సున్నా అంటే లోపల ఖాళీ అని కాదు, లోపలా బయటా పీడనం సమానమైందని. ఇంకా ఆరో వంతు వాయువు లోపలే ఉంది. 10 కిలోల బ్రేకర్ అయితే ఒక కిలో 700 గ్రాములు. మూత తెరిస్తే అది గాలిలోకే. సున్నా దాటి దాదాపు శూన్యం వచ్చేదాకా వాక్యూమ్ పంపు నడిపితేనే పని పూర్తయినట్టు. దానికి మరికొంత సమయం పడుతుంది. లైన్ ఎప్పుడు ఇస్తారని లోడ్ డిస్పాచ్ నుంచి ఫోన్లు మోగుతున్నప్పుడు ఆ కాస్త సమయమే కోతకు గురవుతుంది. బండి దగ్గర్లో లేనప్పుడు, మరో సర్కిల్ నుంచి రావాల్సి ఉన్నప్పుడు వాల్వు తిప్పి గాలిలోకి వదిలేయాలన్న ఆశ మరింత బలపడుతుంది. చూసేవారుండరు. పొగ కూడా రాదు.

లీకుల్ని కనిపెట్టడంలోనూ గేజ్ ఇలాగే బోల్తా కొట్టిస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఆరు బార్లు ఉన్న వాయువు 45 డిగ్రీల మే మధ్యాహ్నం ఆరున్నర బార్లు చూపిస్తుంది, జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీలకు 5.8 చూపిస్తుంది. ఎండాకాలంలో ఎనిమిది శాతం వాయువు కారిపోయినా ముల్లు అదే చోట నిలబడి ధైర్యం చెబుతుంది. అందుకే పీడనాన్ని కాక సాంద్రతను, అంటే ఉష్ణోగ్రతను సరిచూసుకున్న విలువను చూపే మానిటర్లు పెడతారు. సాంద్రత ఒక మెట్టు తగ్గితే అలారం, ఇంకా తగ్గితే బ్రేకర్ తనంతట తానే పనిచేయనని మొండికేస్తుంది. అలారం రాగానే సిలిండర్ తెచ్చి కాస్త నింపి పంపించేయడం అలవాటైన చోట లీకు అలాగే ఉంటుంది. మంచి బ్రేకర్ ఏడాదికి అర శాతం మించి కార్చకూడదన్నది ప్రమాణం. 10 కిలోల బ్రేకర్‌కు అది 50 గ్రాములు. ఏటా వేసవికి ఒక కిలో నింపించుకుంటున్న బ్రేకర్ దానికి 20 రెట్లు కారుస్తోందన్నమాట. సబ్బు నురగతోనో, ముక్కు లాంటి డిటెక్టర్‌తోనో, పరారుణ కెమెరాతోనో ఏ కీలు దగ్గర కారుతోందో పట్టుకోవాలి. సాధారణంగా దొరికేది ఎండకు గట్టిపడిన ఓ రబ్బరు రింగు.

పన్నెండు వ్యాగన్ల సిలిండర్

కార్మికుడి ఊపిరితిత్తుల ప్రమాదం ఆ యార్డుకే పరిమితం. ఇంకొకటి అలా కాదు. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఒక కిలో ఎస్ఎఫ్6 నూరేళ్లలో 23,500 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం ఐదో నివేదిక లెక్కగట్టింది. కోటగోడల్లాంటి నిర్మాణం వల్ల ఇది గాలిలో త్వరగా చెదరదు. 3,200 ఏళ్లు ఉంటుందని ఒకప్పుడు అనుకునేవారు. కొత్త అంచనాలు దాన్ని వెయ్యేళ్ల దరిదాపులకు తగ్గించాయి. మనిషి లెక్కల్లో ఈ తేడాకు పెద్ద అర్థం లేదు.

బొగ్గు రాష్ట్రంలో బొగ్గు లెక్కే అందరికీ అర్థమవుతుంది. ఒక 50 కిలోల సిలిండర్ గాలిలో కలిస్తే 1,175 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. మన బొగ్గు టన్ను కాలిస్తే వచ్చేది సుమారు ఒకటిన్నర టన్నులు అనుకుంటే, ఆ సిలిండర్ దాదాపు 780 టన్నుల బొగ్గుకు సమానం. కోర్బా నుంచి వచ్చే గూడ్సు బండిలో పన్నెండు, పదమూడు వ్యాగన్లు. ఇద్దరు మనుషులు ఎత్తి జీపులో పెట్టగలిగే సిలిండర్ అది.

మొత్తం మీద చూస్తే ఎస్ఎఫ్6 వాటా భూతాపంలో చాలా చిన్నది. ఒక్క కోర్బా చిమ్నీల ముందు కూడా బ్రేకర్ల లీకులు నిలవవు. ఈ మాట దాచి భయపెట్టడం సరికాదు. కానీ ఈ చిన్న వాటా పెరుగుతూనే ఉంది. 1990ల చివర్లో లక్ష కోట్ల గాలి అణువుల్లో సుమారు 4 ఉన్న ఎస్ఎఫ్6 ఇప్పుడు 11 దాటింది. దీనిని బూట్ల సోల్‌లలో గాలికి బదులు నింపిన కాలమూ ఉంది. నైకీ సంస్థ 2006 నాటికి పూర్తిగా మానుకుంది. ఇప్పుడు ప్రధాన వాడకం విద్యుత్ పరికరాల్లోనే. సౌర, పవన విద్యుత్తు పెరిగిన కొద్దీ సబ్‌స్టేషన్లు పెరుగుతాయి, వాటితోపాటు బ్రేకర్లూ. కర్బనం తగ్గించే పని కోసమే కర్బనం కంటే వేల రెట్లు బలమైన వాయువును కొంటున్నామన్నది ఈ కథలో వింత.

1997 క్యోటో ఒప్పందం లెక్కలోకి తీసుకున్న ఆరు రకాల వాయువుల్లో ఎస్ఎఫ్6 ఒకటి. తగ్గింపు బాధ్యత మాత్రం సంపన్న దేశాలకే. ఓజోన్ పొరకు ఇది హాని చేయదు గనుక మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి రాదు. ఏసీల్లోని హెచ్‌ఎఫ్‌సీలపై భారత్ 2021లో ఆమోదించిన కిగాలి సవరణలోనూ దీనికి చోటు లేదు. సిలిండర్ ఎలా ఉండాలో, ఎప్పుడెప్పుడు పరీక్షించాలో 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు చెబుతాయి. సిలిండర్ బలం గురించి చెప్పే చట్టం అది, లోపలి వాయువు చివరికి ఎక్కడికి పోయిందన్నది దాని పని కాదు. యూరప్‌లో కథ వేరు. 2024లో చేసిన చట్టం ప్రకారం 24 కిలోవోల్టుల లోపు కొత్త పరికరాల్లో 2026 జనవరి నుంచి ఇలాంటి వాయువులు వాడకూడదు. 52 నుంచి 145 కిలోవోల్టుల దాకా 2028, ఆపైన 2032 గడువు. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. కాలిఫోర్నియా తన గడువులను 2025 నుంచే మొదలుపెట్టింది. మన దేశంలో అలాంటి తేదీలేవీ లేవు.

బదులు ఏదన్న ప్రశ్నకు సగం జవాబు మన దగ్గరే ఉంది. 11, 33 కిలోవోల్టుల దగ్గర వాక్యూమ్ బ్రేకర్లు మన దేశంలో ఎప్పటి నుంచో వాడకంలో ఉన్నాయి. రోజుకు పలుమార్లు ఆన్, ఆఫ్ అయ్యే ఊర్లా కొలుముల వంటి చోట్ల వాటికే మొగ్గు. 145 కిలోవోల్టుల దాకా వాక్యూమ్‌తో ఆర్క్ తెంచి, శుద్ధమైన పొడి గాలిని ఇన్సులేషన్‌గా వాడే పరికరాలను యూరప్ కంపెనీలు అమ్ముతున్నాయి. ఫ్లోరోనైట్రైల్ అనే వాయువును కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి వాడే మార్గం మరొకటి. అయితే దాన్ని తయారుచేసిన త్రీఎమ్ సంస్థ 2025 చివరికల్లా ఆ తరహా రసాయనాల ఉత్పత్తి నుంచే తప్పుకుంటానని 2022లో ప్రకటించి ఆ మార్గంలో వెళ్తున్నవారిని ఇరకాటంలో పెట్టింది. 400, 765 కిలోవోల్టుల దగ్గర ఎస్ఎఫ్6కు దీటైనది ఇంకా విరివిగా రాలేదు. పైగా ఒకసారి బిగించిన బ్రేకర్ ముప్పై, నలభై ఏళ్లు పనిచేస్తుంది. రేపు కొనడం మానేసినా నేటివరకూ కొన్నవాటిలోని వాయువు ఈ శతాబ్దం మధ్య దాకా మనతోనే.

కాబట్టి మళ్లీ ఆ రిజిస్టర్ దగ్గరికే రావాలి. అమెరికాలో 1999లో పర్యావరణ సంస్థ విద్యుత్ సంస్థలను స్వచ్ఛందంగా కూడగట్టి చేయించిన పని చాలా సాదా. ఏడాది మొదట్లో సిలిండర్లలో ఎంత ఉంది, ఏడాదిలో ఎంత కొన్నారు, కొత్త పరికరాల్లో ఎంత చేరింది, పాతవాటి నుంచి ఎంత తీశారు, చివరికి ఎంత మిగిలింది. తేడా వచ్చిందంతా గాలిలో కలిసినట్టే. ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు. ప్రతిసారీ సిలిండర్‌ను ముందూ వెనకా తూచి అంకె రాస్తే చాలు. ఖాళీ సిలిండర్ అని పక్కన పడేసినదాన్ని కూడా తూచాలి. అందులో వాయువు ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

ఆ అంకె చివరిసారి అవసరమయ్యేది బ్రేకర్ ఆయుష్షు తీరినప్పుడు. రాయ్‌పూర్ తుక్కు ఇనుమును కరిగించే ఊరు. ఊర్లా, సిల్తరాల కొలుములకు తుక్కు ఎంత వచ్చినా చాలదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసిన నూనెను రిజిస్టరైన రీసైక్లర్లకే అమ్మాలని 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెబుతాయి. లీటర్లలో కొలుస్తారు, రసీదు ఉంటుంది. పాత బ్రేకర్ స్తంభంలో రాగి ఉంది, అల్యూమినియం ఉంది, వాటికి ధర ఉంది. పింగాణీని సుత్తితో పగలగొట్టి లోహాన్ని వేరుచేయడం తుక్కు కూలీకి అరగంట పని. ఆ స్తంభం యార్డు గేటు దాటే ముందు లోపలి వాయువును బండితో లాగారా, ఎన్ని కిలోలు వచ్చింది, తెల్లటి పొడిని ఎవరు తీశారు అన్నది గేట్ పాస్ మీద రాసి ఉందో లేదో సుత్తి ఎత్తినవాడికి తెలియదు.